ఆటలు తరలిపోయిన స్టేడియంలు - బహుళ ప్రయోజన సముదాయాలు
(ప్రత్యేక వ్యాసం)

నగరాలు విస్తరిస్తున్న కొద్దీ ఒకనాడు నిర్మించిన క్రీడా మైదానాల స్థలాలకు విలువ అనూహ్యంగా పెరుగుతోంది. ఆటలు మరో చోటికి తరలిపోయిన తరువాత ఆ స్టేడియంలు నిరుపయోగంగా మిగిలిపోవడం, నిర్వహణ భారంగా పరిణమించడం అనేక దేశాలలో కనిపిస్తున్నదే. దుకాణాలు, కార్యాలయాలు, నివాసాలు, ఉద్యానవనాలను ఒకే ప్రాంగణంలో నిర్మించే బహుళ ప్రయోజన సముదాయాలను ఇందుకు పరిష్కారంగా పలు నగరాలు ఎంచుకున్నాయి. జపాన్‌లోని ఒసాకా, బ్రిటన్‌లోని లండన్ నగరాల అనుభవాలు ఈ సందర్భంగా పరిశీలింపదగినవి.

ఒసాకా అనుభవం

ఒసాకాలోని నంబా రైల్వే స్టేషన్ పక్కన 1950లో ప్రారంభమైన బేస్‌బాల్ స్టేడియం నంకాయ్ హాక్స్ జట్టుకు నిలయంగా ఉండేది. 1988లో నంకాయ్ రైల్వే సంస్థ జట్టును విక్రయించగా, అది ఫుకువోకా నగరానికి తరలిపోయింది. ఆ తరువాత కొంతకాలం మైదానంలో నమూనా గృహాల ప్రదర్శన నిర్వహించారు. అనంతరం స్టేడియంను తొలగించి, అమెరికా వాస్తుశిల్పి జాన్ జెర్డీ రూపకల్పనలో నంబా పార్క్స్ సముదాయాన్ని నిర్మించారు. తొలి దశ 2003 అక్టోబరులోను, రెండవ దశ 2007లోను ప్రారంభమయ్యాయి. వాణిజ్య భవనం పైకప్పులనే మెట్లు మెట్లుగా ఉద్యానవనంగా తీర్చిదిద్దడం, వాటి సరసనే 30 అంతస్తుల కార్యాలయ భవనాన్ని నిలపడం దీని విశిష్టత.

బంతి విసిరే ఆటగాడు, దానిని ఎదుర్కొనే ఆటగాడు నిలిచిన స్థానాలను నేలపై గుర్తులతో పదిలపరచారు. జట్టు చరిత్రను తెలిపే ప్రదర్శనశాలను కూడా ఏర్పాటు చేశారు. అయితే జట్టుకు ఆటగాడిగాను, సారథ్య శిక్షకుడిగాను పనిచేసిన కట్సుయా నొమురాకు అందులో చాలాకాలం స్థానం లభించలేదు. 2020లో ఆయన మరణించిన తరువాత ప్రజల విరాళాలతో ప్రదర్శనశాలను నవీకరించి, 2021లో ఆయన విశేషాలను చేర్చారు. భవనాలు లేచిన పద్దెనిమిదేళ్లకు కూడా ఆ మైదానం జ్ఞాపకాలు ప్రజలలో సజీవంగా ఉన్నాయనడానికి ఇది నిదర్శనం.

లండన్ అనుభవం

ఆర్సెనల్ ఫుట్‌బాల్ క్లబ్ 1913 నుండి 2006 వరకు ఆడిన హైబరీ మైదానంలో ప్రధానంగా నివాస గృహాలు వెలిశాయి. చారిత్రక కట్టడంగా రక్షణ పొందిన తూర్పు స్టాండు ముఖభాగాన్ని, పశ్చిమ స్టాండు ముఖభాగాన్ని యథాతథంగా నిలిపి, ఆట జరిగిన పచ్చిక స్థలాన్ని నివాసితుల ఉద్యానవనంగా మలిచారు. 2008 ఆర్థిక సంక్షోభంలో గృహాల విపణి కుంగిపోవడంతో ఈ ప్రాజెక్టు కోసం తెచ్చిన రుణం క్లబ్‌కు ఆందోళన కలిగించింది. అమ్మకాలు కోలుకున్న తరువాతనే ఆ భారం తీరింది. స్థలం విలువను ముందుగానే ఆదాయంగా లెక్కించుకోవడంలోని ప్రమాదాన్ని ఈ ఉదంతం తెలియజేస్తున్నది.

ఈ రెండింటి మధ్య మరో ముఖ్యమైన వ్యత్యాసం ఉంది. లండన్‌లో పాత మైదానానికి చేరువలోనే కొత్త స్టేడియం సిద్ధమైన తరువాత పాతదానిని మూసివేశారు. ఒసాకాలో జట్టే నగరాన్ని విడిచి వెళ్లింది. క్రీడాభిమానులకు జరిగిన నష్టం రెండు చోట్లా ఒకటి కాదు.

మనకు వర్తించేదెంత?

నంబా పార్క్స్ ప్రారంభమైన 2003 అక్టోబరులోనే హైదరాబాద్‌లో ఆఫ్రో-ఆసియా క్రీడలు మొదలయ్యాయి. ఆనాడు గచ్చిబౌలిలో సమకూరిన క్రీడా ప్రాంగణంలోని 14 అంతస్తుల భవనాన్ని 2020లో కోవిడ్ చికిత్స కోసం ఆసుపత్రిగా మార్చారు. అత్యవసర వేళ క్రీడా వసతి మరో ప్రజావసరానికి అక్కరకు రావడం గమనార్హం.

ఒసాకా, లండన్ స్థలాలు ప్రైవేటు సంస్థల ఆస్తులు. ప్రభుత్వ భూమిలోని స్టేడియంల విషయంలో యజమాని ప్రజలే అయినందున, బాధ్యత మరింత గురుతరమవుతుంది. టెండర్లు పిలవడానికి ముందే మూడు అంశాలు స్పష్టం కావలసి ఉంటుంది. మూతపడే మైదానానికి బదులు క్రీడాకారులకు చేరువలో మరొకటి సిద్ధమైనదా? కొత్త సముదాయంలో రుసుము లేకుండా సామాన్యులు ప్రవేశించగల ఖాళీ స్థలం ఎంత? విపణి మందగిస్తే నష్టం భరించేదెవరు? వీటికి లిఖితపూర్వక సమాధానాలు ఒప్పందంలో చోటు చేసుకున్నప్పుడే నిరుపయోగ స్టేడియం నగరానికి తిరిగి ఉపయోగపడగలదు. ఒకసారి భవనాలు లేచిన మైదానం మరల మైదానం కావడం అరుదు.