మొక్కు పాలకుడిది, చెల్లింపు ఖజానాది

2017 ఫిబ్రవరి 22న అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు కుటుంబసభ్యులను, మంత్రులను వెంటబెట్టుకుని తిరుమల వెళ్లారు. దాదాపు 19 కిలోల బంగారంతో చేయించిన సాలగ్రామ హారాన్ని, మకర కంఠాభరణాన్ని శ్రీవారికి సమర్పించారు. వాటి విలువ 5 కోట్ల రూపాయల పైమాటే. ఆ వెంటనే శివరాత్రి నాడు మహబూబాబాద్ జిల్లా కురవిలో వీరభద్రస్వామికి బంగారు మీసాలు పెట్టారు. అంతకుముందు ఏడాది దసరా రోజుల్లోనే వరంగల్ భద్రకాళికి బంగారు కిరీటం చేయించారు. 2018 జూన్‌లో బెజవాడ కనకదుర్గమ్మకు ముక్కుపుడక అందింది. ప్రత్యేక రాష్ట్రం వస్తే చెల్లిస్తానని ఉద్యమకాలంలో ఆయన మొక్కుకున్న మొక్కులివి. డబ్బు మాత్రం ఆయన జేబులోంచి రాలేదు. ప్రభుత్వం జీవో ఇచ్చింది, దేవాదాయ శాఖ చేతిలో ఉండే సర్వశ్రేయోనిధి నుంచి సొమ్ము కదిలింది.

ఇది పాతబడిన విషయమని కొందరికి అనిపించవచ్చు. ఆ తర్వాత ప్రభుత్వం మారింది, ముఖ్యమంత్రీ మారారు. కానీ ఆ జీవో వెనుక ఉన్న ఆలోచన మారలేదు. ఎన్నికైన నాయకుడి భక్తికి, ఆయన కూర్చున్న కుర్చీకి మధ్య గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్నకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇప్పటికీ ఎవరూ సూటిగా జవాబు చెప్పడం లేదు.

ముఖ్యమంత్రి గుడికి వెళ్లకూడదని ఎవరూ అనడం లేదు. మన రాజ్యాంగం కూడా అనలేదు. పదవీ స్వీకారం నాడు ‘దైవసాక్షిగా’ ప్రమాణం చేయడానికి అది మంత్రికి వీలిచ్చింది. దేవుడిని నమ్మనివారికి ఆ మాట లేకుండా ప్రమాణం చేసే వీలూ ఇచ్చింది. ఎవరి పేరు చెప్పినా ప్రమాణంలోని కర్తవ్యం ఒక్కటే: రాగద్వేషాలు, భయపక్షపాతాలు లేకుండా ప్రజలందరికీ న్యాయం చేయడం. మంత్రి నమ్మకానికి రాజ్యాంగం ఇంత మర్యాద ఇచ్చింది. ఆ నమ్మకానికి అయ్యే ఖర్చు జనం నెత్తిన వేసే హక్కు ఇవ్వలేదు.

అసలు మొక్కు అన్న ఆచారాన్నే తీసుకుందాం. పిల్లవాడికి జ్వరం తగ్గితే కొండకు వస్తానని తల్లి పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల మూటగట్టి దేవుడి గూట్లో పెడుతుంది. ఏడాదికో రెండేళ్లకో ఆ ముడుపు పట్టుకుని కొండెక్కుతుంది. తలనీలాలిచ్చేవారు తమ తలే వంచుతారు. నిలువుదోపిడి ఇచ్చే ఇల్లాలు తన ఒంటి మీది నగలే తీసి హుండీలో వేస్తుంది. తనది అన్నదాంట్లోంచి కొంత వదులుకోవడమే మొక్కు చెల్లించడం. పక్కింటి బీరువా తెరిచి నిలువుదోపిడి ఇస్తే ఏ దేవుడి దగ్గరా అది మొక్కు కింద చెల్లదు. కాబట్టి ఖజానా సొమ్ముతో మొక్కు తీర్చుకోవడాన్ని తప్పుపట్టడానికి నాస్తికుడే కానక్కర్లేదు. భక్తుడికే ముందుగా అభ్యంతరం ఉండాలి.

దీనికి అప్పట్లో ఒక సమాధానం వినిపించింది. ఈ మొక్కులు సొంతానికి కాదు, తెలంగాణ కోసం మొక్కుకున్నవి, రాష్ట్రం వచ్చింది కాబట్టి రాష్ట్రమే చెల్లిస్తోంది అన్నారు. వినడానికి బాగానే ఉంటుంది. ఉద్యమంలో ఉన్నవారికి ఆ మాట మనసుకు తగిలి ఉండవచ్చు కూడా. కానీ మొక్కుకున్న రోజున ఆయన ఒక పార్టీ అధ్యక్షుడు, ఉద్యమ నాయకుడు. రాష్ట్రం పక్షాన మొక్కుకునే అధికారం అప్పటికి ఆయనకు లేదు, ఎందుకంటే రాష్ట్రమే లేదు. 2014 జూన్ 2 తర్వాత ఆ అధికారం వచ్చిందనుకుందాం. అప్పుడైనా ఈ మొక్కులు మనందరివీ అని శాసనసభలో చర్చించి తీర్మానించారా? సకల జనుల సమ్మెలో కూర్చున్నవారిలో ముస్లింలున్నారు, క్రైస్తవులున్నారు, ఏ దేవుడినీ నమ్మనివారూ ఉన్నారు. వారెవరూ మొక్కుకోలేదు.

సొంత డబ్బుకూ ప్రజల డబ్బుకూ తేడా ఆయనకు తెలియక కూడా కాదు. 2015 డిసెంబరులో ఎర్రవల్లిలోని తన వ్యవసాయ క్షేత్రంలో అయుత చండీయాగం చేసినప్పుడు, దానికయ్యే ఖర్చు తాను, తన మిత్రులు భరిస్తామని ఆయనే ప్రకటించారు. 2021 అక్టోబరులో యాదాద్రి విమాన గోపురానికి బంగారు తాపడం కోసం దాతలను పిలిచినప్పుడు తన కుటుంబం తరఫున కిలో 16 తులాల బంగారం ఇస్తామన్నారు. ఎర్రవల్లిలో, యాదాద్రి తాపడంలో గీసిన గీతను తిరుమల హారం దగ్గర ఎందుకు గీయలేదు? ఈ ప్రశ్నకు జవాబు రాలేదు.

సర్వశ్రేయోనిధి సంగతి ఇంకా బాధాకరం. అది పన్నుల డబ్బు కాదు కదా, గుళ్ల డబ్బే కదా అని కొందరు సమర్థించారు. ఈ వాదన సమస్యను మరింత పెద్దది చేస్తుంది. 1987 నాటి దేవాదాయ చట్టం కింద ఆదాయమున్న ఆలయాల నుంచి వాటా తీసుకుని ఈ నిధిని పోగుచేస్తారు. ఆదరణ లేని గుళ్లను బాగుచేయడం, ఆసరా లేని ఆలయాలను నిలబెట్టడం దాని ముఖ్య ఉద్దేశం. పల్లెల్లో గోడలు బీటలువారి, గోపురం మీద రావి మొలకలు లేచి, సాయంత్రం దీపానికి నూనె లేని గుళ్లు ఎన్నో. వాటికోసమే 2007లో ధూప దీప నైవేద్య పథకం పెట్టారు. తెలంగాణలో 2017 నాటికి ఆ పథకం కింద ఒక్కో గుడికి నెలకు 6,000 రూపాయలు ఇచ్చేవారు. అందులో 4,000 అర్చకుడి గౌరవ వేతనం, మిగిలిన 2,000 ధూపదీపాలకు. తిరుమల నగలకైన 5 కోట్లను ఈ లెక్కన పంచితే దాదాపు 690 గుళ్లలో ఏడాది పొడుగునా దీపం వెలిగేది. పేద గుళ్ల కోసం కూడబెట్టిన నిధి దేశంలోనే అత్యంత సంపన్నమైన ఆలయానికి నగలుగా మారడం మతపరంగా చూసినా అన్యాయమే.

చట్టం ఏమంటోంది? ఏదైనా ఒక మతాన్ని ప్రోత్సహించడానికి ప్రత్యేకంగా కేటాయించే పన్నును ఎవరి చేతా బలవంతంగా కట్టించకూడదని రాజ్యాంగం 27వ అధికరణం చెబుతోంది. హజ్ సబ్సిడీపై 2011లో వచ్చిన ప్రఫుల్ల గొరాడియా కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరిస్తూ, వసూలైన పన్నులో గణనీయమైన భాగం ఒక మతానికి పోతేనే ఉల్లంఘన అవుతుందని, చిన్న మొత్తాలకు ఇది వర్తించదని తేల్చింది. కోట్లాది రూపాయల పన్ను వసూళ్ల పక్కన పెడితే ఒక హారం ఖర్చు ఎప్పుడూ చిన్న మొత్తమే. తెలంగాణ మొక్కులపై అప్పటి ఉమ్మడి హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం కూడా పడింది. అయితే 27వ అధికరణాన్ని కోర్టులు ఇంత సన్నగా చదివినంత కాలం న్యాయస్థానాల మీదే భారం వేయడం కుదరదు.

ప్రభుత్వం గుడికి డబ్బిచ్చిన ప్రతి సందర్భమూ ఒక్కటి కాదన్నది కూడా ఒప్పుకోవాలి. 290ఎ అధికరణం కింద కేరళ ఏటా 46.5 లక్షలు, తమిళనాడు 13.5 లక్షలు దేవస్వం నిధులకు ఇస్తాయి. పూర్వపు తిరువాన్కూరు సంస్థానం గుళ్ల భూములు స్వాధీనం చేసుకున్నందుకు తీరుస్తున్న బాకీ అది. భద్రాచలంలో శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రాలు వెళ్తాయి. తానీషా కాలం నుంచి వస్తున్నదిగా జనం చెప్పుకునే ఆచారమది. అక్కడ ముఖ్యమంత్రి ఎవరైనా, ఏ మతంవారైనా, ఆ కుర్చీ తరఫున పళ్లెం మోస్తారు. కుర్చీకి సంక్రమించిన పాత బాధ్యతకూ, కుర్చీలోని మనిషి కొత్తగా తెచ్చిపెట్టిన సొంత మొక్కుకూ మధ్య తేడా ఇదే.

ఈ తేడా తొలితరం నాయకులకు స్పష్టంగా తెలుసు. 1947 చివర్లో సోమనాథ్ ఆలయాన్ని పునర్నిర్మించాలని సర్దార్ పటేల్ సంకల్పించినప్పుడు, ఆ డబ్బు ప్రభుత్వం నుంచి కాకుండా ప్రజల నుంచి చందాలుగా రావాలని గాంధీ సలహా ఇచ్చారు. పటేల్ సరేనన్నారు, ట్రస్టు ఏర్పడింది. 1951లో ప్రతిష్ఠ కార్యక్రమానికి సౌరాష్ట్ర ప్రభుత్వం 5 లక్షలు ఇవ్వబోతోందని తెలిసి నెహ్రూ అభ్యంతరం చెప్పారు. రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ వెళ్లడమూ నెహ్రూకు ఇష్టం లేదు. అయినా ఆయన మే 11న వెళ్లారు. రాష్ట్రపతి వెళ్లడం సబబా కాదా అన్నదానిపై రెండు అభిప్రాయాలు ఉండవచ్చు. ఖర్చు విషయంలో మాత్రం గాంధీ మాట దగ్గర వాదన ముగిసిపోవాల్సింది.

ఇది ఒక్క మతానికో ఒక్క పార్టీకో చుట్టే తప్పు కాదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో జగన్‌మోహన్‌రెడ్డి ప్రభుత్వం 3 లక్షల లోపు వార్షికాదాయం ఉన్న జెరూసలేం యాత్రికులకు సాయాన్ని 40 వేల నుంచి 60 వేల రూపాయలకు పెంచింది. పాస్టర్లకు నెలకు 5 వేల గౌరవ వేతనం తెచ్చింది. ఇమాములకూ పెంచింది. పేదవాడైన అర్చకుడికి, పాస్టరుకు, ఇమాముకు అన్నం పెట్టాల్సిందే. పేదరికాన్ని చూసి పెట్టాలి. మత సేవకు జీతంగా ఇస్తే అది వేరే సంగతి. తీర్థయాత్ర సాయానికైతే నాకు ఏ సమర్థనా కనిపించదు, అది కాశీకైనా, మక్కాకైనా, జెరూసలేంకైనా. హజ్ సబ్సిడీని పదేళ్లలో తీసేయమని సుప్రీంకోర్టు 2012లో చెబితే కేంద్రం 2018లోనే ఆపేసింది. రాష్ట్రాలు మాత్రం ఆ దారిలో వెనక్కి నడిచాయి.

ఖర్చు ఎప్పుడూ డబ్బు రూపంలోనే ఉండదు. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల తొలి రోజు రాజమండ్రి పుష్కర ఘాట్‌లో జరిగిన తొక్కిసలాటలో కనీసం 27 మంది చనిపోయారు. ఆ ఉదయం అదే ఘాట్‌లో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు కుటుంబ సమేతంగా పుష్కర స్నానం చేశారు. జస్టిస్ సోమయాజులు కమిషన్ ఆయనను తప్పుపట్టలేదు. ఒకే ముహూర్తానికి మునగాలన్న జనం తొందరను, దాని చుట్టూ సాగిన ప్రచారాన్ని కారణాలుగా చూపింది. ఆ ముహూర్తానికి ప్రచారం కల్పించడంలో ప్రభుత్వ పాత్ర లేదా అని అడగాలి. పాలకుడు భక్తుడిగా నీళ్లలో దిగిన వేళ, గట్టు మీద జనాన్ని చూసుకోవాల్సిన యంత్రాంగం చూపు కొంతైనా ఆయన వైపు తిరుగుతుంది.

మన వంతు కూడా ఉంది. తిరుమల బ్రేక్ దర్శనానికి సిఫారసు లేఖ కోసం ఎమ్మెల్యే ఇంటి ముందు నిలబడేది మనమే. ఆ లేఖ ఎమ్మెల్యే అధికారిక లెటర్‌హెడ్ మీద వస్తుంది. తెలంగాణ ఎమ్మెల్యేల లేఖలు చెల్లడం లేదన్న గొడవ 2024 చివర ఇద్దరు ముఖ్యమంత్రుల మధ్య ఉత్తరాల దాకా వెళ్లింది. దేవుడి దగ్గర క్యూ దాటించడం ప్రజాప్రతినిధి విధుల్లో ఒకటని మనమే ఒప్పుకున్నాక, ఆయన తన మొక్కును ప్రభుత్వ ఖాతాలో రాస్తే ఏ నోటితో అడ్డుకుంటాం?

చేయాల్సినవి కష్టమైనవేమీ కావు. కొత్తగా ఏ ఆలయానికైనా, మసీదుకైనా, చర్చికైనా ప్రభుత్వం కానుక ఇవ్వాలనుకుంటే ముందు శాసనసభలో చర్చ పెట్టాలి, బడ్జెట్‌లో విడిగా చూపాలి. సర్వశ్రేయోనిధిని పేద ఆలయాలకు తప్ప మరే పనికీ వాడకుండా చట్టంలో నిబంధన రాయాలి. మంత్రుల సొంత యాత్రలకు, వారి వెంట వచ్చే కుటుంబాల ప్రయాణానికి అయ్యే ఖర్చు వారే కట్టాలి. ఇవి జరిగేదాకా మన చేతిలో ఒక దారి ఉంది. 2005 సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దేవాదాయ శాఖకు దరఖాస్తు పెట్టి, గత ఐదేళ్లలో సర్వశ్రేయోనిధి నుంచి ఏ గుడికి ఎంత ఇచ్చారో, ఏ జీవో కింద ఇచ్చారో అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వడం వారి బాధ్యత. మీ ఊరి గుడిలో దీపం పెట్టే అర్చకుడి కోసమైనా ఆ దరఖాస్తు పెట్టండి.