ఎత్తు పెంచిన జీపు

మన పేటల్లో పాత మహీంద్రా జీపులు కొని ఎత్తు పెంచే పిల్లలు ఎక్కువైనారు. కమానులకు పట్టీలు పెంచి, పెద్ద టైర్లు వేసి, ఇంటిల్లిపాదినీ అందులోనే తుల్జాపూర్ తీసుకపోతున్నారు. కంపెనీ ఇచ్చిన రూపం మార్చొద్దని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. అది చెబితే నవ్వుతారు. సరే, స్టీరింగైనా చూసుకోండి.

ఆ జీపులకు ముందు చక్రాలు రెండూ ఒకే ఇరుసు మీద ఉంటాయి. స్టీరింగ్ బాక్సు ఛాసిస్‌కు ఉంటుంది. రెంటికీ నడుమ డ్రాగ్ లింకు అనే కడ్డీ. బండిని లేపితే బాక్సు పైకి పోతుంది, ఇరుసు కిందనే ఉంటుంది. అడ్డంగా పడుకోవాల్సిన కడ్డీ నిచ్చెన లెక్క వాలుతుంది. ఇక గుంతలో ఇరుసు ఎగిరినప్పుడల్లా కడ్డీ చక్రాన్ని పక్కకు తోస్తుంది. చెయ్యి తిప్పకుండానే బండి తిరుగుతుంది! ఘాట్ మీద, పిల్లలు వెనక కూర్చున్నప్పుడు.

కిందికి వంగిన పిట్‌మన్ ఆర్మ్ వేస్తే కడ్డీ మళ్లీ చదునవుతుంది. కానీ బాక్సు మీద మెలి బలం పెరుగుతుంది, అది బిగించిన చోట ఛాసిస్ పగులుతుందేమో చూస్తుండాలి. చక్రం దగ్గరి ఆర్మ్‌నే పైకి ఎత్తడం ఇంకా మేలు, ఖర్చెక్కువ. పాత ఆర్మ్‌నే మంటపెట్టి వంచుతానంటే ఆ మిస్త్రీ దగ్గర నిలబడొద్దు. డాంపర్ వేస్తే వణుకు దాగుతుంది, పోదు.

పండక్కి బయల్దేరేముందు ఒకరు స్టీరింగ్‌ను ఇటూ అటూ ఆడించండి, ఇంకొకరు కింద చూడండి. కడ్డీ కదిలినంక ఆగి చక్రం కదిలితే జాయింటు అరిగినట్టే.