పప్పు పెట్టి మాట్లాడండి

మొన్న మా శామీర్‌పేట దిక్కు ఒక బడికి ఒక పెద్దమనిషి వచ్చాడు. నోటుపుస్తకాలు పంచాడు, సంతోషం. పోతూ పోతూ పిల్లలకు సుద్దులు చెప్పాడు: "మాంసం, గుడ్డు మానెయ్యండి. కావలసిన మాంసకృత్తులన్నీ పప్పుల్లోనే ఉన్నాయి." ఎదురుగా కూర్చున్నది ఎవరు? కోళ్లఫారాల్లో, ఇటుక బట్టీల్లో, కట్టుబడి పనుల్లో బతుకుతున్న కూలీల పిల్లలు. పొద్దున తొక్కు కలుపుకొని ఇంత బువ్వ తిని వచ్చినవాళ్లు. వీళ్లు ఏం మానాలి?

ఆయన చెప్పిన శాస్త్రం తప్పు కాదు. అది ముందే ఒప్పుకుందాం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో 13 నుంచి 15 ఏళ్ల ఆడపిల్లకు రోజుకు సుమారు 43 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 300 గ్రాముల బియ్యంలో 24 గ్రాములు, 100 గ్రాముల కందిపప్పులో దాదాపు 22 గ్రాములు ఉంటాయి. కలిపితే సరిపోయింది. పైగా బియ్యంలో తక్కువైన లైసిన్ పప్పులో ఉంది, పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో ఉంది. ఒకదాని లోటు ఒకటి తీరుస్తుంది. మన తాతలు ఈ మాట పుస్తకంలో చదవలేదు. పోడులో జొన్న నడుమ కంది, అనుములు, బొబ్బర్లు కలిపి వేశారు. కొత్త చిక్కుళ్లను పండుగ చేసి వేల్పులకు పెట్టాకే నోట పెట్టారు. వేట దొరికిన రోజు మాంసం, దొరకని రోజు పప్పు. రెండూ మన తిండే.

మరి ఆ పప్పు ఇప్పుడు ఎక్కడుంది? అడవి వదిలి పని కోసం మేడ్చల్ వచ్చినవాడికి చేను లేదు. రేషన్ దుకాణంలో మనిషికి నెలకు 6 కిలోల బియ్యం. రోజుకు 200 గ్రాములు, అంటే 16 గ్రాముల మాంసకృత్తులు. మిగిలిన 27 గ్రాములు ఎవరిస్తారు? 2025 ఉగాదికి సన్నబియ్యం వచ్చింది, మంచిదే. కానీ సన్నవైనా దొడ్డువైనా బియ్యం బియ్యమే. కిలో కందిపప్పు నూరు రూపాయలకు పైమాటే. ఇవ్వడం చేతకాదా అంటే, 2013లో ఉమ్మడి రాష్ట్రంలో 'అమ్మ హస్తం' పేర 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చారు. అందులో కిలో కందిపప్పు ఉంది. అప్పుడైంది ఇప్పుడెందుకు కాదు?

పప్పు ఇవ్వకుండా మాంసం మానమనడం నీతి కాదు, పస్తు పెట్టడం. 2015లో మధ్యప్రదేశ్‌లో అలీరాజ్‌పూర్, మండ్లా వంటి ఆదివాసీ జిల్లాల అంగన్‌వాడీల్లో గుడ్డు పెడదామన్న ప్రతిపాదనను ముఖ్యమంత్రే తోసిపుచ్చారు. గుడ్డు తినేది ఎవరి పిల్లలు, వద్దన్నది ఎవరు? మన దగ్గర బడిలో వారానికి మూడు గుడ్లు ఉన్నాయి. ఒక్కో గుడ్డులో 6 గ్రాములు. పప్పులో నీళ్లు కలపొచ్చు, గుడ్డులో కలపలేరు. అందుకే ఆ మూడు గుడ్ల మీద ఎవరి ఉపన్యాసమూ చెల్లనివ్వొద్దు. పప్పు కావాలి, గుడ్డూ కావాలి. ఇంటి దగ్గర ఎవరు ఏం తినాలో వాళ్ల ఇష్టం.

తమ్ముళ్లారా, మీతోనూ ఒక మాట. కొంపల్లి జిమ్ముల్లో చేరి, కూలి డబ్బులతో పొడి డబ్బాలు కొంటున్నారు. కోడికూర లేకపోతే ఒళ్లు రాదనుకుంటున్నారు. 100 గ్రాముల పల్లీల్లో 23 గ్రాములకు పైగా, ఉలవల్లో 21 గ్రాములకు పైగా ఉన్నాయి. ఉలవ గుడాలు పశువుల దాణా అని సిగ్గుపడకండి. మన అవ్వలు వాటితోనే గుట్టలెక్కారు.

తోటి ఉపాధ్యాయులారా, మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లకు 20 గ్రాముల పప్పు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల వాళ్లకు 30 గ్రాములు పెట్టాలని నిబంధన. వంటగదిలో తరాజు పెట్టి పిల్లల ముందే తూయండి. వంట చేసే అక్కలను తిట్టకండి. వాళ్లకు బిల్లులు ఎప్పుడొస్తాయో మనకు తెలుసు. తక్కువ పడితే రాసి పైకి పంపండి. గ్రామసభ జరిగితే రేషన్‌లో పప్పు కావాలని తీర్మానం అడగండి.

ఆ పెద్దమనిషి మళ్లీ వస్తే రానివ్వండి. ఈసారి నోటుపుస్తకాలతో పాటు ఒక బస్తా కందిపప్పు తెమ్మనండి. పిల్లలు తిన్నాక ఆయన మాట తప్పకుండా వింటారు.