అంగన్‌వాడీకి బ్యాకప్ ఎవరు?

ఆ మధ్య ఊరెళ్ళినప్పుడు మా అక్క కూతుర్ని తీసుకురమ్మంటే అంగన్‌వాడీకి వెళ్ళాను. దివిసీమలో, పాలకాయతిప్ప వైపు వెళ్ళే దారిలో ఒక ఊరు. పేరు చెప్పను, చెబితే ముందు మెమో వచ్చేది అక్కడ పనిచేసే వాళ్ళకే. లోపల పదిహేడు మంది పిల్లలు, ఒక్క ఆయమ్మ. టీచరుగారు మండలంలో మీటింగుకి వెళ్ళారట. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. "కాస్త పిల్లల్ని చూస్తా ఉండు బాబూ, ఇప్పుడే వస్తా" అని ఆవిడ గబగబా వెళ్ళిపోయింది. పొద్దున్నుంచీ బాత్రూముకి కూడా వెళ్ళలేదట పాపం.

అలా నేను ఐదు నిమిషాలు అంగన్‌వాడీలో ఉద్యోగం చేశాను. ఇంటర్వ్యూ లేదు, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ లేదు! ఆ ఐదు నిమిషాల్లోనే ఒకడు గుమ్మం దాటాడు, ఇంకొకడు పొయ్యి వైపు నడిచాడు. ఒకణ్ణి పట్టుకుంటే ఇంకొకడు మిగులుతాడు. రోడ్డుకి అవతల పంట కాలవ. ఆ సముద్రపు అంచు ఊళ్ళలో ఎటు చూసినా కాలవో, డ్రైనో, రొయ్యల చెరువో ఉంటుంది.

నేను ఆయమ్మని తప్పు పట్టడం లేదు. డిజైనే తప్పు అంటున్నాను. 1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ మొదలైంది. కేంద్రానికి ఒక వర్కరు, ఒక హెల్పరు. మినీ కేంద్రాలని ఇంకో రకం పెట్టారు, వాటికైతే హెల్పరే లేదు, అన్నీ ఒక్కరే! సరే, ఇద్దరున్న చోటే చూద్దాం. వర్కరు పిల్లలకి చదువు చెప్పాలి, బరువులు తూయాలి, గర్భిణుల ఇళ్ళకి వెళ్ళాలి, టీకాల రోజు తల్లుల్ని పోగుచెయ్యాలి. 2021 నుంచి పోషణ్ ట్రాకర్ యాప్ ఒకటి. చాలాచోట్ల ఓటరు జాబితా పని కూడా ఆవిడదే. హెల్పరు వంట చెయ్యాలి. అంటే కాగితం మీద ఇద్దరు, పిల్లల దగ్గర ఒక్కోసారి సున్నా. వర్కరు సెలవు పెడితే పక్క కేంద్రం టీచరుకి ఇన్‌ఛార్జి ఇస్తారు. ఒక మనిషి రెండు ఊళ్ళలో ఎలా ఉంటుందో రాసినవాళ్ళకే తెలియాలి.

మన ప్రాజెక్టుల్లో ఒక్కడు రెండు రోజులు లీవు పెడితే "బ్యాకప్ ఎవరు?" అని మేనేజరు పది మెయిళ్ళు పెడతాడు. అక్కడ పోయేది మహా అయితే ఒక రిలీజు.

ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్ళకి డేకేర్ లెక్కలు తెలిసే ఉంటాయి. రెండేళ్ళ లోపు పిల్లలు నలుగురికి ఒకరు. విక్టోరియాలో మూడేళ్ళు దాటితే పదకొండు మందికి ఒకరు. అంకె కన్నా నాకు నచ్చింది ఇంకోటి: పిల్లలతో నేరుగా పనిచేస్తున్న మనిషినే లెక్కలోకి తీసుకుంటారు. టీ తాగడానికి వెళ్ళిన మనిషి లెక్కలో ఉండదు, ఆ చోటికి ఇంకొకరు రావాలి. "వాళ్ళు డబ్బున్న దేశం, మనకెక్కడివి?" అంటారు. ఆ అంకెలు నేనూ అడగడం లేదు. లెక్కపెట్టే పద్ధతి అడుగుతున్నాను.

డబ్బుల సంగతికొస్తే, 2023 డిసెంబర్ 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు సమ్మెకి దిగారు. అప్పటికి వర్కరుకి నెలకి 11,500, హెల్పరుకి 7,000. 26,000 కనీస వేతనం అడిగారు. 42 రోజులు నడిచింది. మొదటి వారాల్లోనే చాలాచోట్ల అధికారులు తాళాలు పగలగొట్టి, సచివాలయ సిబ్బందిని కూర్చోబెట్టి కేంద్రాలు తెరిపించారు. 2024 జనవరి 6న ఎస్మా ప్రయోగించారు. ఇప్పుడు నా ప్రశ్న. సమ్మెని విరగ్గొట్టడానికి దొరికిన మనుషులు, టీచరమ్మ మీటింగుకెళ్ళిన రోజున ఎందుకు దొరకరు? ఎస్మా పెట్టేంత అత్యవసర సేవ అయితే, అత్యవసర సేవకి ఉండాల్సిన రిలీవరేడి? కరెంటు సబ్‌స్టేషన్లో రిలీవరు రాకుండా ఆపరేటర్ కుర్చీ వదలడే! ఈ మాట ఆ ప్రభుత్వానికే కాదు, ఇప్పుడున్న ప్రభుత్వానికీ వర్తిస్తుంది. పార్టీల గొడవలోకి లాగకండి.

సుమారు పాతిక కేంద్రాలకి ఒక సూపర్‌వైజరు ఉంటారు, తనిఖీకి. అలాగే ఐదారు పక్క పక్క కేంద్రాలకి ఒక రిలీవరుని పెట్టొచ్చు, జీతమిచ్చి, ట్రైనింగిచ్చి. అది కుదరదంటారా, కేంద్రం తెరిచి ఉన్న వేళల్లో మీటింగులు, సర్వేలు పెట్టడం మానండి. దానికి పైసా ఖర్చు లేదు, ఒక సర్క్యులర్ చాలు.

ఆయమ్మ తిరిగొచ్చి చేతులు తుడుచుకుంటూ "రేపు కూడా ఉంటావా బాబూ?" అంది. మర్నాడు కూడా టీచరుగారికి ఏదో ట్రైనింగట. నేను ఆ రాత్రే హైదరాబాదు బస్సెక్కేశాను.