14 కుర్చీలు.. వాటి వెనక ఓ దేశం లెక్క

న్యూయార్క్‌లోని మన్‌హటన్‌లో ‘అటామిక్స్‌’ అని ఓ కొరియన్‌ రెస్టారెంట్‌ ఉంది. అసలు భోజనం వడ్డించే గదిలో కుర్చీలు పద్నాలుగే. మనిషికి 400 డాలర్ల దాకా అవుతుంది. మన డబ్బుల్లో 34 వేల పైమాటే. తాగేవాటికి వేరే బిల్లు. ముందే డబ్బు కట్టి, సినిమా టికెట్‌ తీసుకున్నట్టు సీటు తీసుకోవాలి. అదీ దొరికితే! 2018లో తెరిచినప్పుడు ఇక్కడ భోజనం ధర 175 డాలర్లు. ఇప్పుడు రెట్టింపు దాటినా గిరాకీ తగ్గలేదు. 2025లో తొలిసారి ప్రకటించిన ‘ఉత్తర అమెరికా 50 ఉత్తమ రెస్టారెంట్లు’ జాబితాలో మొదటి స్థానం దీనికే దక్కింది.

ఉద్యోగాల పేజీలో ఈ తిండి గోలేంటి అనుకుంటున్నారా? కారణం ఉంది. 2024 సెప్టెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో ‘కలినరీ క్లాస్‌ వార్స్‌’ చూశాక షెఫ్‌ అయిపోదామన్న ఆలోచన మీలో కొందరికైనా వచ్చి ఉంటుంది. ఇంకొందరు పెనుకొండ కియా, శ్రీసిటీ ఎల్‌జీ లాంటి కొరియన్‌ కంపెనీల వైపు చూస్తుంటారు. ఈ రెండు రకాల వాళ్లకీ ఆ 14 కుర్చీల వెనక ఏం జరుగుతోందో తెలిస్తే మంచిది. అక్కడ పేరుకీ డబ్బుకీ మధ్య ఉన్న దూరం తెర మీద కనిపించదు.

‘కూరలు ఫ్రీ’ అన్న ముద్ర

కొరియాలో మామూలు హోటల్లో కూర్చుంటే అన్నం, సూప్‌తో పాటు చిన్న చిన్న గిన్నెల్లో ‘బాంచాన్‌’ వస్తాయి. కిమ్చి, మొలకలు, ఆకుకూర, ఎండుచేపల వేపుడు.. అయిపోతే మళ్లీ వేస్తారు. దానికి డబ్బు తీసుకోరు. మన మెస్సుల్లో సాంబారు, పచ్చడి మారు వడ్డించినట్టే. తినేవాళ్లకి హాయిగానే ఉంటుంది కానీ, ఈ అలవాటే తర్వాత పెద్ద చిక్కయింది. చవగ్గా, కడుపునిండా అన్న ముద్ర పడ్డ తిండికి వందల డాలర్లు ఎవరిస్తారు? ఫ్రెంచి భోజనానికో, జపాన్‌ సుశీకో మారుమాట్లాడకుండా ఇచ్చేవాళ్లు కూడా కొరియన్‌ అనగానే వెనకాడేవారు.

ఆ ముద్ర చెరిపేయాలని సియోల్‌ సర్కారు 2009లో ఓ కార్యక్రమం మొదలుపెట్టింది. కొరియా తిండిని వాళ్లు ‘హాన్‌సిక్‌’ అంటారు. దాన్ని ప్రపంచమంతా తినేలా చేయాలన్నది ఉద్దేశం. అప్పటి అధ్యక్షుడి భార్య కిమ్‌ యూన్‌ఓక్‌ స్వయంగా ఈ పని భుజాన వేసుకున్నారు. 2010లో ప్రత్యేకంగా ఓ ఫౌండేషన్‌ పెట్టారు. అంతటితో ఆగితే బాగుండేది. న్యూయార్క్‌లో ప్రభుత్వం తరఫున ఓ ఘనమైన రెస్టారెంట్‌ తెరుద్దామని 2011 బడ్జెట్‌లో 500 కోట్ల వన్‌లు కేటాయించారు. కలిసి నడపడానికి ప్రైవేటు వాళ్లెవరూ ముందుకు రాలేదు. పథకం అటకెక్కింది.

తమాషా ఏంటంటే, అదే 2011లో అదే నగరంలో యిమ్‌ జంగ్‌సిక్‌ అనే షెఫ్‌ తన పేరుతోనే ‘జంగ్‌సిక్‌’ తెరిచారు. 2024 డిసెంబరులో దానికి మిషెలిన్‌ మూడు స్టార్లు వచ్చాయి. అమెరికాలో ఓ కొరియన్‌ రెస్టారెంట్‌కి మూడు స్టార్లు రావడం అదే మొదలు.

అలాగని సర్కారు ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరని అనలేం. 2016లో మిషెలిన్‌ గైడ్‌ సియోల్‌కి వచ్చిందంటే అక్కడి పర్యాటక సంస్థ ఇచ్చిన డబ్బు కూడా కారణమే. దీని మీద విమర్శలూ వచ్చాయి. 2013లో కిమ్చిని ఊరంతా కలిసి పట్టుకునే ‘కిమ్‌జాంగ్‌’కి, 2024 డిసెంబరులో సోయా గింజలు పులియబెట్టి ‘జాంగ్‌’ తయారుచేసే సంప్రదాయానికి యునెస్కో గుర్తింపు వచ్చింది. హోటల్‌ నడపడం ప్రభుత్వం వల్ల కాలేదు. తిండికి ఓ పేరు, ఓ కథ తెచ్చిపెట్టడం మాత్రం కొంతవరకు అయింది. దాన్ని డబ్బుగా మార్చింది షెఫ్‌లే.

వాళ్లు తిరిగిన వంటిళ్లు

అటామిక్స్‌ నడిపేది జంగ్‌హ్యున్‌ పార్క్‌, ఆయన భార్య ఎలియా పార్క్‌. ఆయన సియోల్‌లోని క్యుంగ్‌హీ యూనివర్సిటీలో ఫుడ్‌ సైన్స్‌ చదివారు. తర్వాత లండన్‌లో ‘లెడ్‌బరీ’, మెల్‌బోర్న్‌లో ‘కట్లర్‌ అండ్‌ కో’, సియోల్‌లోనూ న్యూయార్క్‌లోనూ జంగ్‌సిక్‌.. ఇన్ని వంటిళ్లలో పనిచేశాక 2016లో సొంతంగా తెరిచింది అటామిక్స్‌ కాదు. ‘అటోబాయ్‌’ అనే సాదా చోటు. బాంచాన్‌ ఆలోచనతోనే మూడు వంటకాలు, అన్నం కలిపి 36 డాలర్ల భోజనం పెట్టారు. అది నిలదొక్కుకున్నాక, రెండేళ్లకి ఖరీదైన చోటు. ఈ వరస గమనించండి. ముందు రోజూ నిండే హోటల్‌, ఆ తర్వాతే పేరు తెచ్చే హోటల్‌.

సియోల్‌లోని ‘మింగిల్స్‌’ షెఫ్‌ కాంగ్‌ మింగూదీ ఇలాంటి దారే. స్పెయిన్‌లో మార్టిన్‌ బెరసతేగీ దగ్గర, బహామాస్‌లో ‘నోబు’లో పనిచేసి వచ్చి 2014లో తెరిచారు. 2025 ఫిబ్రవరిలో మూడు స్టార్లు అందుకున్నారు. ఆయనకి పేరు తెచ్చినవాటిలో ఓ తీపి వంటకం ఉంది. దాంట్లో సోయా సాస్‌, సోయా ముద్ద, మిరప ముద్ద మూడూ వేస్తారు. మనవాళ్లు పాయసంలో ఆవకాయ కారం కలిపితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అయినా జనం వరస కట్టి తింటున్నారు.

కలినరీ క్లాస్‌ వార్స్‌లో జడ్జిగా కూర్చున్న ఆన్‌ సంగ్‌జే కథ ఇంకా వింత. చిన్నప్పుడే కుటుంబంతో అమెరికా వెళ్లారు. అక్కడి సైన్యంలో చేరి ఇరాక్‌లో పనిచేశారు. తిరిగొచ్చాక కార్ల మెకానిక్‌ అవుదామనుకుని, చివరికి వంట స్కూల్లో చేరారు. కాలిఫోర్నియాలో పెద్ద పెద్ద కిచెన్లు తిరిగి, శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘మోసు’ పెట్టి, 2017లో దాన్ని సియోల్‌కి మార్చారు. మూడు స్టార్లూ సంపాదించారు.

ముగ్గురూ సొంత బోర్డు పెట్టకముందు ఏళ్ల తరబడి పరాయి దేశాల వంటిళ్లలో, పరాయి వంటలు చేశారు. ‘షెఫ్‌’ అన్న మాట వినగానే మనకి తట్టేది చివరి సీనే. మొదటి పదేళ్లు కాదు.

మాటతో వడ్డించే ఉద్యోగం

అటామిక్స్‌లో భోజనం ఎలా సాగుతుందో చూద్దాం. గుర్రపు నాడా ఆకారంలో ఉన్న కౌంటర్‌ చుట్టూ అతిథులు కూర్చుంటారు. ముందు చాప్‌స్టిక్స్‌ తెచ్చి నచ్చినవి ఎంచుకోమంటారు. ప్రతి వంటకంతో పాటు ఓ కార్డు ఇస్తారు. దాని మీద వంటకం పేరు కొరియన్‌లోనే ఉంటుంది. అందులో ఏమేం వేశారు, ఈ వంట ఎక్కడ పుట్టింది, షెఫ్‌కి ఆ ఆలోచన ఎలా వచ్చింది అన్నవి రాసి ఉంటాయి. ‘గుక్‌’ అంటే చారు, ‘జిమ్‌’ అంటే ఉడికించి మగ్గబెట్టింది, ‘గుయి’ అంటే నిప్పు మీద కాల్చింది. తిన్నవాళ్లు ఇంటికెళ్లేసరికి నాలుగు కొరియన్‌ మాటలు నేర్చుకుని వెళతారు. పేర్లని ఇంగ్లిషులోకి మార్చి సులువు చేయలేదు. అక్కడే గెలిచారని నా అభిప్రాయం. మన పులిహోరని ‘టామరిండ్‌ రైస్‌’ అని మెనూలో రాసుకునే మనకి ఇది కాస్త గుచ్చుకోవాల్సిన విషయమే.

అతిథుల వైపు పని చూసుకునేది ఎలియా. 2025 జేమ్స్‌ బియర్డ్‌ అవార్డుల్లో ఈ రెస్టారెంట్‌కి వచ్చింది వంట బహుమతి కాదు, ఆతిథ్యం బహుమతి. హోటల్‌ మేనేజ్‌మెంట్‌లో చేరే కుర్రాళ్లు ‘కిచెన్‌ అయితేనే గౌరవం, సర్వీస్‌ అంటే ప్లేట్లు మోయడం’ అనుకుంటుంటారు. ఆ 400 డాలర్లలో సగం విలువ ప్లేటు తెచ్చి నాలుగు మాటలు చెప్పే మనిషిదే. భాష బాగా వచ్చి, తను వడ్డించే తిండి గురించి తడుముకోకుండా చెప్పగలిగినవాళ్లకి ఇక్కడ పెద్ద వంటవాడితో సమానమైన చోటు ఉంది.

మూడు స్టార్లు.. మూతపడ్డ తలుపులు

ఇప్పుడు డబ్బు లెక్క. రాత్రికి రెండు బ్యాచ్‌లు అనుకుందాం. అంటే 28 మంది. తలకు 400 చొప్పున 11,200 డాలర్లు. మన రూపాయల్లో తొమ్మిదిన్నర లక్షల దాకా! వినడానికి బాగానే ఉంది. అయితే అమెరికా హోటళ్లలో అందరూ వాడే మోటు లెక్క ఒకటుంది. సరుకులకి మూడో వంతు, జీతాలకి మరో మూడో వంతు పోతాయి. మిగిలిన దాంట్లోంచి అద్దె, కరెంటు, పన్నులు, బీమా కట్టాలి. అన్నీ పోగా చేతికొచ్చేది నూటికి ఐదో పదో. ఇలాంటి ఖరీదైన చోట ఒక్కో అతిథికి పనివాళ్లు ఎక్కువ కాబట్టి జీతాల భారం ఇంకా పెరుగుతుంది. గ్లాసు మద్యం మీద వచ్చే లాభం, పక్కనున్న చవక హోటళ్ల రాబడి, పుస్తకాలు, కంపెనీలతో ఒప్పందాలు.. వీటి మీదే చాలావరకు బండి నడుస్తుంది.

నమ్మకం కుదరకపోతే సియోల్‌నే చూడండి. అక్కడి మొదటి మిషెలిన్‌ గైడ్‌లో మూడు స్టార్లు వచ్చినవి రెండే. వాటిలో ‘గావోన్‌’ వెనక పింగాణీ పాత్రలు తయారుచేసే ఓ పెద్ద సంస్థ డబ్బుంది. అయినా 2023 మొదట్లో మూతపడింది. ఆన్‌ సంగ్‌జే ‘మోసు’ వెనక సీజే అనే ఆహార దిగ్గజం ఉండేది. ఆ బంధం తెగాక 2024 జనవరిలో తలుపులు మూశారు. చిత్రంగా, ఆయన టీవీ షో ప్రపంచమంతా మోగిపోయిన నెలల్లో సియోల్‌లో ఆయనకి నడుస్తున్న మోసు లేదు! 2025 మార్చిలో మళ్లీ తెరిచారు. మూడు స్టార్లు వచ్చినంత మాత్రాన నెలాఖరు జీతాలు వాటంతటవే రావు. తెర వెనక ఎవరి పెట్టుబడి ఉందో, వాళ్లు ఎప్పుడు చెయ్యి వెనక్కి తీసుకుంటారో దాన్ని బట్టే అక్కడ కూరగాయలు తరిగే కుర్రాడి ఉద్యోగం ఉంటుంది.

మన దగ్గర ఈ దారిలోకి రావాలంటే ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ రాసి ఐహెచ్‌ఎంలలో చేరొచ్చు. హైదరాబాద్‌ విద్యానగర్‌లో ఐహెచ్‌ఎం, గచ్చిబౌలిలో నిథమ్‌ ఉన్నాయి. బయటికొచ్చాక మొదటి మెట్టు కామీ-3 అని గుర్తుంచుకోండి. ఇంటర్వ్యూలో హోటల్‌ పేరు ఎంత గొప్పదైనా మూడు విషయాలు అడగడానికి మొహమాటపడొద్దు. రోజుకి ఎన్ని గంటలు, సర్వీస్‌ చార్జిలో వాటా ఉందా, ఆ హోటల్‌ అసలు యజమాని ఎవరు.

ఇంకో మాట. ‘కొరియాలో కిచెన్‌ జాబ్‌, ఈపీఎస్‌ వీసా ఇప్పిస్తాం’ అని ఎవరైనా డబ్బడిగితే అక్కడితో ఆపేయండి. ఈపీఎస్‌ అనేది కొరియా కొన్ని దేశాలతో ప్రభుత్వాల స్థాయిలో చేసుకున్న ఒప్పందం. నేపాల్‌, శ్రీలంక, బంగ్లాదేశ్‌ అందులో ఉన్నాయి. భారత్‌ లేదు.

వంట మీదే మనసున్నవాళ్లకి కొరియా దాకా పోనక్కర్లేని ఉదాహరణ కూడా ఉంది. 2023లో జంగ్‌హ్యున్‌ పార్క్‌కి వచ్చిన జేమ్స్‌ బియర్డ్‌ ‘న్యూయార్క్‌ రాష్ట్ర ఉత్తమ షెఫ్‌’ అవార్డు, 2025లో ఎవరికొచ్చిందో తెలుసా? తమిళనాడు నుంచి వెళ్లిన విజయ్‌ కుమార్‌కి. ఆయన ‘సెమ్మ’ రెస్టారెంట్‌లో పెట్టేది తమిళ పల్లెల్లో తినే తిండి. నత్తల కూర కూడా ఉంటుంది. పేర్లు తమిళంలోనే!

పెనుకొండలో లంచ్‌కి పిలిస్తే

కొరియన్‌ కంపెనీలో ఉద్యోగం చూసుకునేవాళ్లకి భోజనం బల్ల వేరే రకంగా ఎదురవుతుంది. కియా వచ్చాక పెనుకొండ, అనంతపురం చుట్టుపక్కల కొరియన్‌ అక్షరాల బోర్డులతో హోటళ్లు వెలిశాయి. శ్రీసిటీలో 2025 మేలో ఎల్‌జీ కొత్త ప్లాంటుకి శంకుస్థాపన జరిగింది. ఈ కంపెనీల్లో మేనేజర్‌తో కలిసి తినడం కూడా పనిలో భాగమే. కొరియన్‌ మాటలు నాలుగు వస్తే మంచిది. టోపిక్‌ పరీక్షలో మూడో స్థాయి దాటితే రెజ్యూమేలో ధైర్యంగా రాసుకోవచ్చు. దానికన్నా ముందు కూర్చునే పద్ధతి తెలిస్తే చాలు.

పెద్దాయన చెంచా ఎత్తాకే మనం ఎత్తాలి. అన్నం, సూప్‌ చెంచాతో, మిగతావి చాప్‌స్టిక్స్‌తో తినాలి. అన్నం గిన్నె చేత్తో పైకెత్తరు. చాప్‌స్టిక్స్‌ని అన్నంలో నిలువుగా గుచ్చి వదలకూడదు, అది చనిపోయినవాళ్లకి పెట్టే పద్ధతి. పెద్దవాళ్లకి నీళ్లు పోసినా, వాళ్ల చేతి నుంచి గ్లాసు తీసుకున్నా రెండు చేతులూ వాడాలి. మీరు శాకాహారులైతే బల్ల దగ్గర కాదు, పిలిచినప్పుడే చెప్పేయండి. కిమ్చిలో కూడా సాధారణంగా రొయ్యలో, చేప సాసో కలుస్తుంది. చివర్లో బిల్లు మామూలుగా పెద్దవాళ్లే కడతారు, మీరు పోటీపడొద్దు. బయటికొచ్చాక ‘కాఫీ నేను ఇప్పిస్తా సర్‌’ అంటే సరిపోతుంది.