గోడలోపలి తడి – ఇంటి యజమాని బాధ్యత

ముత్తుకూరు మండలం నుంచి ఒక సోదరి రాసిన లేఖ అందింది. వారిది అద్దె ఇల్లు. ఈశాన్య రుతుపవనాల వానలు పట్టిన తరువాత మెయిన్ బోర్డులోని స్విచ్ పదేపదే పడిపోవడం మొదలైందట. యజమాని పంపిన మనిషి వచ్చి, స్విచ్ చెడిపోయిందని చెప్పి, దానిని ఊడదీసి, తీగెలను నేరుగా కలిపి వెళ్లాడు. కరెంటు పోవడం ఆగింది. అయితే ఆనాటి నుంచి తడిచేతితో ఫ్రిజ్ తలుపు ముట్టుకుంటే జుమ్మంటోంది. ఇప్పుడు వంటింటి ఇనుప కుళాయి కూడా అలాగే ఉంది. యజమానికి చెబితే, చెప్పులు వేసుకుని ముట్టుకోండి అన్నారట. ఆమె అడిగినవి మూడు. ఈ మరమ్మతు ఖర్చు షరీఅత్ ప్రకారం ఎవరిది? తామే చేయించి అద్దెలో మినహాయించుకోవచ్చా? కుళాయి ముట్టుకోవడానికి భయం వేసినప్పుడు వుజూకు బదులు తయమ్ముమ్ చెల్లుతుందా?

ఒక విషయం స్వరూపం తెలియకుండా దానిపై తీర్పు చెప్పరాదన్నది ఫిఖహ్ పండితుల నియమం. కాబట్టి ముందు ఆ గోడలో ఏం జరుగుతోందో చూద్దాం.

ఆ ఇంటివారు పోగొట్టుకున్న స్విచ్‌ను ఆర్‌సీసీబీ అంటారు. దాని పని త్రాసు పని. ఫేజ్ తీగె గుండా ఇంట్లోకి వెళ్లిన కరెంటు, న్యూట్రల్ తీగె గుండా అంతే తిరిగి రావాలి. రెండు పళ్లేలూ సమంగా ఉన్నంతసేపు అది కదలదు. ఇళ్లలో సాధారణంగా వాడే రకంలో ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే, సెకనులో మూడోవంతు గడవక ముందే కరెంటును తెంచివేస్తుంది. తేడా వచ్చిందంటే కరెంటు దారి తప్పిందని అర్థం: తడిగోడలోకో, ఫ్రిజ్ రేకులోకో, ఒక మనిషి దేహంలోకో. స్విచ్ కూడా ఒక్కోసారి పాడవుతుంది, కాదనను. పాడైతే దాని స్థానంలో కొత్తది పెట్టాలి. తీసివేసి తీగెలు కలపడమంటే, సాక్షి చెప్పేది నచ్చలేదని అతణ్ణి న్యాయస్థానం నుంచి గెంటివేయడమే. లోపం ఉన్నచోటే ఉంది. చెప్పేవాడు మాత్రం లేడు.

మన తీరంలో ఈ లోపం తరచుగా కనిపించడానికి కారణం ఉప్పు. మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా సముద్రపు గాలి ఉప్పును మోసుకువస్తుంది. ఉప్పు గాలిలోని తేమను పీల్చి పట్టి ఉంచుతుంది. సాకెట్ లోపలి ఇత్తడి బిగింపులు పచ్చగా చిలుము పడతాయి, మరలు వదులవుతాయి, పొర పొరగా చేరిన ఉప్పుతడి మీదుగా కరెంటు పాకుతుంది. ఉప్పు కలిసిన ఇసుకతో పూత వేసిన గోడ ఎండాకాలంలో కూడా పూర్తిగా ఆరదు. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు, కోవూరు పరిసరాల ఇళ్లలోకి నీరు వచ్చినప్పుడు సాకెట్ పెట్టెలు మునిగాయి. అలా మునిగిన పెట్టెను పైన తుడిచి వాడుకుంటే లోపలి ఒండ్రు అక్కడే ఉండిపోతుంది.

మరి కుళాయికి కరెంటు ఎలా వచ్చింది? ఇది చాలామందికి తెలియని సంగతి. ఇంట్లోని మూడు పిన్నుల సాకెట్లన్నింటి ఎర్త్ తీగెలూ ఒకచోట కలిసి, పెరటిలోని ఎర్త్ పైపు ద్వారా నేలలోకి వెళ్లాలి. ఉప్పునేలలో ఆ ఇనుప పైపు తుప్పు పట్టి, దాని మెడ దగ్గర తీగె తెగిపోతుంది. అప్పుడు ఎర్త్ తీగెలు ఒకదానికొకటి మాత్రం కలిసే ఉంటాయి, నేలతో సంబంధం ఉండదు. ఒక్క పరికరంలో కరెంటు రేకుకు తగిలితే చాలు, ఆ తీగెల వెంట మోటారుకు, మోటారు నుంచి ఇనుప పైపుకు, పైపు నుంచి కుళాయికి చేరుతుంది. ఆ సమయాన తడినేల మీద నిలబడి కుళాయి పట్టుకున్న ఇల్లాలి దేహమే ఇంటికి ఎర్త్ అవుతుంది. చెప్పులు తడిస్తే ఆ రక్షణ కూడా లేదు. దేశంలో కరెంటు తగిలి మరణించేవారు ఏటా 10,000 మందికి పైగా ఉన్నారని జాతీయ నేర గణాంక సంస్థ నివేదికలు చెబుతున్నాయి. జుమ్మనడాన్ని చిన్న సంగతిగా తీసుకోవద్దు.

దీనిని తఖ్దీర్ అని ఊరుకోవడం తవక్కుల్ కాదు. మదీనాలో ఒక ఇల్లు రాత్రివేళ ఇంటివారితో సహా కాలిపోయిన సంగతి తెలిసినప్పుడు, నిప్పు మనుషులకు శత్రువని, నిద్రకు ముందు దానిని ఆర్పివేయాలని దైవప్రవక్త (స) ఆదేశించినట్టు హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖించారు. ఎలుక దీపపు వత్తిని లాగి ఇంటిని తగలబెట్టగలదని హెచ్చరించిన ఉల్లేఖనం కూడా సహీహ్ బుఖారీలో ఉంది. ఎలుక, వత్తి! ఇంత చిన్న విషయాన్ని ధర్మంలో భాగం చేసిన ప్రవక్త అనుయాయులం మనం.

ఇక మొదటి ప్రశ్న. ఖర్చు ఎవరిదన్నది లోపం ఎక్కడ ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. ఫ్రిజ్ అద్దెకున్నవారి సొత్తు. గోడ, తీగె, ఎర్త్ పైపు యజమాని సొత్తు. తేల్చే పద్ధతి సులువే. అనుభవమున్న ఎలక్ట్రీషియన్ చేత ఆర్‌సీసీబీని తిరిగి పెట్టించండి. ఎర్త్‌ను సరిచేయించండి. ఆపైన ఇంట్లోని ప్లగ్గులన్నీ ఊడదీయించండి. చిన్న స్విచ్‌లు ఆపితే చాలదు. అవి సాధారణంగా ఫేజ్ తీగెను మాత్రమే తెంచుతాయి, న్యూట్రల్ వైపు లోపాన్ని దాచేస్తాయి. అన్నీ ఊడదీసినా, మోటారు తీగెలు కూడా విప్పినా స్విచ్ పడిపోతే లోపం గోడలో ఉంది. నిలబడి, ఫ్రిజ్ ప్లగ్గు పెట్టగానే పడిపోతే లోపం ఫ్రిజ్‌లో ఉంది. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో మరొకటి చూడాలి: ఒక గది న్యూట్రల్‌ను మరో గది తీగెతో కలిపివేస్తే ఏ తడీ లేకుండానే స్విచ్ పడుతుంది. అది తీగె లాగినవాడి తప్పు.

గోడలో ఉందని తేలితే బాధ్యత యజమానిదే, సందేహం లేదు. ఇల్లు అద్దెకివ్వడమంటే నివాసయోగ్యతను అమ్మడం. హనఫీ ఫిఖహ్ ఆధారంగా ఉస్మానియా ప్రభుత్వం 1869–1876 మధ్య క్రోడీకరించిన మజల్లాలో కూడా ఇంటి వినియోగానికి అవసరమైన మరమ్మతు యజమాని మీదే పెట్టారు. ఆయన నిరాకరిస్తే అద్దెదారు ఇల్లు విడిచిపెట్టవచ్చు. రెండో ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది. యజమాని అనుమతితో ఖర్చు పెడితే రాబట్టుకోవచ్చు. అనుమతి లేకుండా పెడితే అది దానంగా లెక్కకు వస్తుంది, అద్దెలో కోయడానికి వీల్లేదు. కాబట్టి సోదరీ, ముందు ఆయన మాట తీసుకోండి. ఫోనులో ఒక సందేశంగానైనా రాయించుకోండి.

యజమానులకు కూడా ఒక మాట. దైవప్రవక్త (స) అంగడిలో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి, పైన పొడిగా ఉన్నా అడుగున తడి ఉన్నట్టు గ్రహించి, మోసగించేవాడు తన వాడు కాడని వర్తకుణ్ణి మందలించిన సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. పైకి కొత్త రంగు, లోపల తడిసిన సాకెట్ ఉన్న ఇంటిని తెలిసి తెలిసి అద్దెకివ్వడం కూడా అటువంటిదే. స్విచ్ ఊడదీసిన ఆ మనిషి సంగతి వేరే చెప్పాలా? వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన హానికి బాధ్యుడన్న హదీసు అబూ దావూద్, నసాయీ, ఇబ్ను మాజా సంకలనాల్లో ఉంది. తీగె తెలియకుండా తీగె ముట్టినవాడికి అది వర్తించదని నేననుకోను.

మూడో ప్రశ్న. నీటికీ మనిషికీ నడుమ శత్రువో క్రూరమృగమో ఉండి ప్రాణభయం కలిగితే తయమ్ముమ్ చెల్లుతుందని ఫుఖహా రాశారు. ఈ భయం కూడా నిజమైనదే. అయితే మీ ఇంట్లో ఆ మృగాన్ని కట్టివేసే తాడు మెయిన్ స్విచ్ రూపంలో ఉంది. పొడిచేతితో, పొడిగా ఉన్నచోట నిలబడి దానిని ఆపండి. ఫ్రిజ్, మోటారు ప్లగ్గులు తీసివేయండి. మరమ్మతు పూర్తయ్యే దాకా వాటిని పెట్టకండి. పగటిపూట బకెట్లలో నీరు పట్టించి ఉంచుకోండి. రాత్రి ఇషాకు, ఫజ్ర్‌కు చెంబుతో ముంచుకుని వుజూ చేయండి. నీరు అందుబాటులో ఉన్నంతవరకు తయమ్ముమ్ చెల్లదు.