నోటిఫికేషన్ లేని ఉద్యోగాలకు మనం ఎట్ల కనబడాలె?



మన గ్రూపులో రోజూ వచ్చే ప్రశ్న ఒకటే: "అన్నా, నోటిఫికేషన్ ఎప్పుడు?" అడగడంలో తప్పు లేదు. 2022లో మన రిజర్వేషన్ 6 నుంచి 10 శాతానికి పెరిగింది, ఆశ ఉండాల్సిందే. కానీ ఆ 10 శాతం సర్కారు కొలువుల దగ్గరే ఆగుతది. పటాన్‌చెరు, జహీరాబాద్, మన జిల్లాలోనే ఉన్న కాళ్లకల్, తూప్రాన్... అక్కడి ప్రైవేటు ఫ్యాక్టరీల్లో రిజర్వేషన్ లేదు. ప్రత్యేకమైన టెక్నికల్ పోస్టులైతే చాలాసార్లు పేపర్ల కూడా పడవు. కంపెనీయే మనిషిని వెతుక్కుంటది. ఎట్ల వెతుకుతరో తెలియకపోతే, చేతిల పని ఉన్నా మనం వాళ్ల లెక్కల లేనట్టే.

నేను హైదరాబాద్‌లో కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టే పని చేస్తున్నా. పోయినేడు ఒక ఫ్యాక్టరీకి వీఎంసీ ప్రోగ్రామర్ కావాల్సి వచ్చింది. ఫానుక్ కంట్రోల్ మీద ప్రోగ్రాం రాసి, సెట్టింగ్ చేసేటోడు. మూడు వారాలు వెతికిన, సరైన మనిషి దొరకలే. చివరికి వేరే రాష్ట్రం నుంచి ఒకాయన్ని తీసుకున్నరు.

ఆ తర్వాత తీజ్ పండుగకు తండాకు వచ్చిన. మెదక్ బస్టాండు దగ్గర మా తమ్ముడి వరసయ్యే పిల్లగాడు కలిసిండు. ఐటీఐ మెషినిస్ట్. పుణెలో ఐదేండ్లు అదే ఫానుక్ మీద అదే పని చేసి, నాయన పానం బాగలేక తిరిగొచ్చిండు. ఆరు నెలల నుంచి ఖాళీ. "రెజ్యూమె పెట్టిన అన్నా, ఒక్క కాల్ కూడా రాలే" అన్నడు. ఏ సైట్ల పెట్టినవంటే, నేను మూడు వారాలు వెతికిన సైటే!

ఫోన్ల తీసి చూసిన. హోదా కాడ "ఆపరేటర్" అని ఒక్క ముక్క. కింద "హార్డ్ వర్కింగ్, సిన్సియర్, హానెస్ట్". ఫానుక్ లేదు, వీఎంసీ లేదు, ప్రోగ్రామింగ్ లేదు. పైగా కాగితాన్ని ఫొటో తీసి అప్‌లోడ్ చేసిండు. ఫొటోలోని అక్షరాలను ఆ సైటు సెర్చ్ చదవదు.

తప్పు వాడొక్కడిదేనా? కాదు. నేను వేసిన సెర్చ్‌ల "డిప్లొమా" అని పెట్టిన, "హైదరాబాద్" అని పెట్టిన. వాడిది ఐటీఐ, ఊరు మెదక్. అంటే వాడు అన్నీ మంచిగ రాసుకున్నా నా జల్లెడల నిలిచేటోడు కాదు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకే చాలా రోజులు పట్టింది.

ఇంతకీ ఆ జల్లెడ ఎట్ల పనిచేస్తది? 1854లో జార్జ్ బూల్ అనే ఇంగ్లండ్ గణిత పండితుడు తర్కాన్ని లెక్కగా మార్చి ఒక పుస్తకం రాసిండు. అండ్, ఆర్, నాట్ అనే మూడు మాటలతో వెతికే పద్ధతికి మూలం అదే. అండ్ పెడితే రెండు మాటలూ ఉండాలె. ఆర్ పెడితే ఏదో ఒకటి ఉంటే చాలు. నాట్ పెడితే ఆ మాట ఉన్నోళ్లు పక్కకు పోతరు. గూగుల్‌లో నాట్‌కు బదులు మాట ముందు మైనస్ గుర్తు పెడతరు. కొటేషన్ గుర్తుల మధ్య రాస్తే అదే వరసలో ఉన్న మాటలను వెతుకుతది. సైట్ అని రాసి కోలన్ పెట్టి లింక్డ్‌ఇన్ అడ్రస్ ఇస్తే, గూగుల్ బయటికి కనబడే లింక్డ్‌ఇన్ ప్రొఫైళ్లనే చూపిస్తది. మేము చేసేది ఇదే, మంత్రమేం లేదు.

అందుకే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ నాలుగు పనులు చేయండి.

1. మెషిన్ పేరు, కంట్రోల్ పేరు, సాఫ్ట్‌వేర్ పేరు, ఎన్నేండ్లు చేసిండ్రో ఇంగ్లీషులో స్పష్టంగా రాయండి. "వెల్డర్" అని ఆపొద్దు. టిగ్ చేస్తే టిగ్ అని, 6జీ టెస్ట్ పాసైతే 6జీ అని రాయండి. రానిది మాత్రం రాయొద్దు, ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలకే దొరికిపోతరు.

2. ఒకే పనికి రెండు పేర్లుంటే రెండూ రాయండి: వీఎంసీ, వర్టికల్ మెషినింగ్ సెంటర్.

3. ఫొటో వద్దు. టైప్ చేసిన పీడీఎఫ్ లేదా వర్డ్ ఫైల్ పెట్టండి. ఆధార్ నంబరు, కులం సర్టిఫికెట్ అందులో వద్దు.

4. "మీ ప్రొఫైల్ చూసినం, ముందు డబ్బులు కట్టండి" అంటే అది ఉద్యోగం కాదు, మోసం.

ఇక ఉద్యోగాల్లో ఉన్న అన్నలకు, అక్కలకు ఒక మాట. ఆ సెర్చ్ పెట్టెలో కులం అడగరు, కాబట్టి అందరికీ సమానమే అంటరు. నేను ఒప్పుకోను. పెద్ద కాలేజీ పేరు ఒక్కటి కొటేషన్ల మధ్య పెడితే చాలు, ఆశ్రమ స్కూల్ల చదివి జిల్లా ఐటీఐకి పోయినోడు ఎవరికీ తెలియకుండనే బయట పడ్తడు. వాణ్ని ఎవరూ రిజెక్ట్ చేయలే, అసలు ఎవరూ చూడనే లేదు. ఇద్దరికీ తేడా ఉంది. రిజెక్ట్ అయితే ఎందుకని అడగొచ్చు, కనబడకపోతే ఎవర్ని అడుగుతం? కాబట్టి మీరు వెతికేటప్పుడు డిప్లొమా పక్కన ఆర్ పెట్టి ఐటీఐ కూడా రాయండి. హైదరాబాద్ పక్కన మెదక్ కూడా రాయండి. కాలేజీ పేరు తీసి పనితనం పేరు పెట్టండి. ఇది దయ కాదు. నేను ఆ పని చేసి ఉంటే ఆ ఫ్యాక్టరీకి మూడు వారాలు మిగిలేవి.

తమ్ముడి రెజ్యూమె ఆ రాత్రే ఇద్దరం కూసోని మార్చినం. తర్వాత కాల్స్ మొదలైనయి. ఇంటర్వ్యూ వాడి చేతిపనితోనే గెలిచిండు, ఇప్పుడు కాళ్లకల్ దిక్కు చేస్తున్నడు. మేము మార్చింది ఒక్క కాగితమే.

నోటిఫికేషన్ కోసం చదవండి, చదువుతూనే ఉండండి. కానీ ఒక ఆదివారం మెదక్‌ల కలుద్దాం. మీ రెజ్యూమెలు తెండి, సీనియర్లు లాప్‌టాప్‌లు తెండి. వచ్చేటోళ్లు కింద పేరు, ట్రేడ్ రాయండి.